చేతులు కట్టుకుంటేనే పగడానికి రంగు

అమ్మ పుస్తెల తాడులో నల్లపూసల పక్కన రెండు పగడాలుంటాయి. పాతికేళ్లకు పైగా ఒంటి మీదే ఉన్నాయి. పసుపు, సబ్బు, చెమట అన్నీ చూశాయి. రంగు మాత్రం చెక్కుచెదరలేదు. అందుకే శ్రీకాకుళంలో మా ఇంటి హాల్లో నేను ముచ్చటపడి పెట్టుకున్న ఉప్పునీటి ట్యాంకులో పగడాలు మూడు నెలలకే మట్టిరంగుకి తిరిగితే అమ్మ ఒకటే అడిగింది: "ఏటిరా, డూప్లికేటువి అంటగట్టేసినారా?"

డూప్లికేటువి కాదు. తప్పు నాదే. కానీ ఆ సంగతి నాకు తెలియడానికి ఇంకో నాలుగు నెలలు, సగం పగడాల ప్రాణాలు ఖర్చయ్యాయి.

రంగు ఎక్కడుంటుంది?

నగల్లో వాడే ఎర్ర పగడానికి రంగు దాని గట్టి అస్థిపంజరంలోనే ఉంటుంది. అందుకే ప్రాణం పోయాక కూడా ఎర్రగానే మెరుస్తుంది. యూట్యూబ్‌లో మనం చూసే రీఫ్ పగడాల కథ వేరు. వాటి అస్థిపంజరం సున్నంలా తెల్లగా ఉంటుంది. రంగంతా పైనున్న పల్చటి కండలోనే. అంటే బతికున్నంత సేపే రంగు.

ఆ కండలో కంటికి కనిపించనంత చిన్న నాచు కాపురం ఉంటుంది. పేరు జూజాంథెల్లే. అది వెలుతురుతో తిండి వండి, పగడానికి కావాల్సిన శక్తిలో 90 శాతం దాకా ఇస్తుంది. ఆ నాచు రంగు గోధుమ. నీళ్లలో ఎరువు ఎక్కువైతే నాచు విపరీతంగా పెరిగి పగడం మట్టిరంగులో కనిపిస్తుంది. నాచు వెళ్లిపోతే పగడం తెల్లబడుతుంది. దీన్నే బ్లీచింగ్ అంటారు.

మరి పచ్చ, గులాబీ, నారింజ? అవి పగడం సొంతంగా తయారుచేసుకునే మెరుపు ప్రొటీన్లు. నీలికాంతి పడితే ఇంకో రంగులో వెలుగుతాయి. ఇలాంటి ఆకుపచ్చ ప్రొటీన్‌ని మొదట జెల్లీఫిష్‌లో కనిపెట్టారు. ఆ పరిశోధనకి 2008లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. ఎర్రగా మెరిసే ప్రొటీన్ ఒకటి డిస్కోసోమా అనే జీవిలో ఉందని 1999లో రష్యా శాస్త్రవేత్తలు ప్రకటించారు. అక్వేరియం వాళ్లు 'మష్రూమ్' అని పిలిచేది దాన్నే. మా హాల్లో ఉన్నదీ అదే.

నా దగ్గరున్నవి రెండే రకాలు: మష్రూమ్‌లు, జోవాంథిడ్లు. రెండింటికీ అస్థిపంజరం ఉండదు, పగడాలకి దగ్గరి చుట్టాలు. రంగు లెక్క మాత్రం అదే.

నేను చేసిన ఘనకార్యం

2021 జనవరి. వర్క్ ఫ్రమ్ హోమ్. మూడడుగుల ట్యాంకు పెట్టాను. చేపలు ముద్దొస్తున్నాయి కదా అని రోజుకి మూడుసార్లు మేత. ఏప్రిల్‌కల్లా జోవాలు గోధుమరంగు. ఆఫీసులో బగ్ వస్తే ఒకేసారి నాలుగు ఫైళ్లు మార్చి 'పని చేస్తుందేమో చూద్దాం' అనే బ్యాచ్ నేను. ఇక్కడా అదే చేశాను. ఒక్క రాత్రిలో లైటు 40 నుంచి 90 శాతానికి పెంచేశాను. ఫాస్ఫేట్‌ని పీల్చేసే మీడియా డబ్బాడు వేశాను. ఎవరో చెప్పారని 'కలర్ బూస్టర్' సీసా కూడా పోశాను.

అప్పటికి మే నెల ఎండలు. నీళ్లు 31 డిగ్రీలు దాటాయి. పది రోజుల్లో గోధుమరంగు పోయింది. నేను సంబరపడ్డాను. కానీ వచ్చింది రంగు కాదు, తెలుపు. ఆకలితో, వేడితో నాచుని వదిలేసిన తెలుపు. వారం తిరక్కుండా సగం కరిగిపోయాయి.

అప్పుడు అర్థమైన మొదటి పాఠం: గోధుమరంగు పగడం చచ్చిపోతున్నట్టు కాదు. దానికి తిండి ఎక్కువైంది, అంతే. భయపడాల్సింది తెల్లబడినప్పుడు.

కళింగపట్నం డబ్బాలు

సముద్రం దగ్గర్లోనే ఉండగా ఉప్పు ప్యాకెట్లు కొనడమేంటని ఆగస్టులో కళింగపట్నం వెళ్లి నాలుగు డబ్బాలు నింపుకొచ్చాను. కొలిస్తే ఉప్పుదనం 35 ఉండాల్సిన చోట చాలా తక్కువ చూపించింది. అడుగున వేలు మందం ఒండ్రు. అవును మరి, అక్కడే వంశధార సముద్రంలో కలుస్తుంది. ఇటు నాగావళి. వానాకాలంలో నదులు తెచ్చే మంచినీళ్లు, బురద మన తీరం పొడవునా పరుచుకుంటాయి. లక్షద్వీప్‌లో ఉన్నట్టు మన దగ్గర పెద్ద రీఫ్‌లు లేకపోవడానికి ఇదో ముఖ్య కారణం. పగడానికి తేట నీళ్లు కావాలి.

ఆ రోజు నుంచి ఆర్‌ఓ, డీఐ ఫిల్టర్ నీళ్లలో రీఫ్ సాల్ట్ కలపడమే. బోరు నీళ్లు అస్సలు వద్దు.

అంకెలు కన్నా నిలకడ

ఇప్పుడు నా ట్యాంకు లెక్కలివి. ఉష్ణోగ్రత 25 నుంచి 27 డిగ్రీలు. ఉప్పుదనం 35. ఆల్కలినిటీ 8 నుంచి 9 డీకేహెచ్. నైట్రేట్ 5 నుంచి 10 పీపీఎం. ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 పీపీఎం. లైటు రోజుకి 8 గంటలు, నీలం ఎక్కువ.

నైట్రేట్, ఫాస్ఫేట్ సున్నా చేయాలని తాపత్రయపడకండి. సున్నా అంటే పస్తు. పెంచాలన్నా తగ్గించాలన్నా ఒకసారి ఒక్కటే మార్చండి. లైటు అయితే వారానికి 5 శాతం మించొద్దు. మార్చాక రెండు వారాలు ఆగండి. పగడం మన ఫోన్ కాదు, రీస్టార్ట్ కొడితే సెట్ అవడానికి.

ఇంకో మాట. జోవాంథిడ్లలో కొన్నిటికి పాలీటాక్సిన్ అనే ఘోరమైన విషం ఉంటుంది. కోసేటప్పుడు గ్లోవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. అవి అంటుకున్న రాయిని వేడినీళ్లలో ఉడకబెట్టే పని అస్సలు చేయొద్దు. ఆ ఆవిరి పీలిస్తే ఆస్పత్రి పాలే.

గులాబ్ రాత్రి

2021 సెప్టెంబరు 26న గులాబ్ తుపాను కళింగపట్నానికి ఉత్తరాన తీరం దాటింది. సాయంత్రానికే మా వీధిలో కరెంటు పోయింది. పంపు ఆగితే ట్యాంకులో ముందు అయిపోయేది ఆక్సిజన్. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపులు రెండు పెట్టి, మేత ఆపేశాను. అర్ధరాత్రి ఒకటి ఆగిపోయింది. అమ్మ చెంబు తీసుకుని నీళ్లు ముంచి పైనుంచి పోస్తూ కూర్చుంది. "తిత్లీకి కొబ్బరి సెట్లే పోనాయి. ఇయ్యేనా మిగలాల" అంది. తెల్లవార్లూ వంతులేసుకున్నాం. అన్నీ బతికాయి.

తర్వాతి ఏడాది ఆఫీసు హైదరాబాద్ రమ్మంది. ట్యాంకు అమ్మేద్దామనుకున్నా. అమ్మ ఒప్పుకోలేదు. గాజు మీద మార్కర్‌తో గీత గీసి, నీళ్లు ఆవిరై తగ్గితే ఉప్పు కలపని ఫిల్టర్ నీళ్లు గీత దాకా పోయమన్నాను. రోజుకి ఒకసారి చిటికెడు మేత. ఆదివారం వీడియో కాల్‌లో టెస్ట్ కిట్ చూపించడం. ఇంకేం ముట్టుకోవద్దన్నాను.

పొద్దున్నే తులసికి నీళ్లు పోసి, వెంటనే ట్యాంకుకి. ఒక్కరోజు తప్పలేదు. ఆరు నెలల తర్వాత సంక్రాంతికి ఇంటికెళితే మష్రూమ్‌లు నిప్పుకణికల్లా ఉన్నాయి. జోవాల అంచులు పచ్చగా మెరుస్తున్నాయి. "నువ్వు సెయ్యెట్టకపోతే అవే బాగుంటాయిరా" అని నవ్వింది. డిగ్రీ చదివిన నాకు నాలుగు నెలలు పట్టిన సంగతి అమ్మకి ముందే తెలుసు.

ఆ వాట్సాప్ మెసేజ్

ఆ తర్వాత ఒక అమ్మకందారు నుంచి మెసేజ్. ఊదా రంగు అక్రోపోరా ముక్కలు, 'చీప్ రేట్, బిల్లు ఉండదు'. నిజం చెప్తున్నా, ఆ ఫొటో చూసి రాత్రి నిద్ర పట్టలేదు.

కానీ రీఫ్ కట్టే రాతి పగడాలన్నీ, సముద్రపు విసనకర్రలతో సహా, 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి. పులికి ఉన్న రక్షణే వీటికీ. కొన్నా, అమ్మినా మూడు నుంచి ఏడేళ్ల జైలు, 25 వేలకి తగ్గని జరిమానా. మీరు ఏది కొన్నా ముందు జాతి పేరు, బిల్లు అడగండి. తడబడితే వదిలేయండి.

నన్ను ఆపింది జైలు భయం ఒక్కటే కాదు. విశాఖ, పూడిమడక తీరాల్లో నీటి అడుగు రాళ్ల మీద పగడాలున్నాయని జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా శాస్త్రవేత్తలు నమోదు చేశారు. ఇంత బురదలో, ఇన్ని తుపానుల్లో బతుకుతున్న మొండి ఘటాలవి. 2024లో సముద్రాలు వేడెక్కి ప్రపంచమంతా బ్లీచింగ్ వచ్చింది. లక్షద్వీప్‌లో పగడాలు తెల్లబోయాయి. మా ట్యాంకులో 31 డిగ్రీలు దాటితే ఏమైందో నేను కళ్లారా చూశాను. ట్యాంకుకైతే ఫ్యాన్ పెట్టాను. సముద్రానికి ఎవరు పెడతారు? అక్కడ మిగిలిన వాటిని కోసి తెచ్చిన ముక్క నా హాల్లో ఎంత మెరిసినా, దాన్ని అమ్మకి ఏమని చూపించను?

మెసేజ్ డిలీట్ చేశాను. మర్నాడు ఆదివారం. అమ్మ వీడియో కాల్ చేసి టెస్ట్ ట్యూబ్ కెమెరాకి దగ్గరగా పెట్టింది. ఫాస్ఫేట్ 0.05. "ఏటైనా మార్చాలేటి?" అంది.

వద్దన్నాను.