ఇంటి నెట్‌వర్కుకు ఒకే ద్వారం

అమరావతి మహాచైత్య ప్రాకారానికి నాలుగు దిక్కులా ద్వారాలుండేవి. అదే ఊరిలో ఒక ఇంట మూడు కంప్యూటర్లు, ఒకే ఇంటర్నెట్ కనెక్షన్ ఉన్నాయనుకుందాం. ఆ ఇంటి నెట్‌వర్కుకు ద్వారం ఒక్కటే. మూలనపడిన పాత కంప్యూటరునే అక్కడ రూటరుగా నిలుపవచ్చు.

దానికి రెండు నెట్‌వర్క్ కార్డులు అమర్చాలి: ఒకటి బయటి తీగకు, రెండవది స్విచ్ మీదుగా లోపలి యంత్రాలకు. లోపలి చిరునామాలు సాధారణంగా 192.168తో మొదలవుతాయి, అవి గడప దాటితే చెల్లవు. కనుక రూటరు ప్రతి అభ్యర్థనపై తన చిరునామా వేసి పంపుతుంది; అడిగినవారెవరో పట్టికలో వ్రాసుకొని, వచ్చిన జవాబును వారికే అందజేస్తుంది. పాత పద్ధతి చిరునామాలు ప్రపంచమంతటికీ సుమారు 429 కోట్లే కావడంతో 1994లో ఈ ఉపాయాన్ని ప్రతిపాదించారు.

అయితే ఆ యంత్రం రాత్రింబవళ్లు పనిచేయాలి. కరెంటు ఖర్చు తప్పదు. అది ఆగితే పరీక్షా ఫలితాల కోసం ఎదురుచూస్తున్న విద్యార్థి తెరపై ఏమీ రాదు. బయటివారికి మొదట ఎదురయ్యేది అదే కాబట్టి ఫైర్‌వాల్ లేకుండా దానిని వదలరాదు.