సమాజ సేవలో కెమెరా

ప్రతి సంవత్సరం ఆగస్టు 19న ప్రపంచ ఫోటోగ్రఫీ దినోత్సవం జరుపుకుంటారు. 1839లో అదే రోజున ఫ్రాన్స్ ప్రభుత్వం డాగేర్ అనే ఆయన కనిపెట్టిన ఫోటో పద్ధతిని లోకానికి వెల్లడించింది. ఆ రోజుల్లో ఒక్క బొమ్మ రావాలంటే మనిషి నిమిషాల తరబడి కదలకుండా కూర్చోవలసి వచ్చేది. ఇప్పుడు మన హాస్టల్లో పెద్ద తరగతుల అన్నల చేతుల్లో ఉన్న ఫోన్లలోనే కెమెరా ఉంది. పుట్టినరోజుకు తీస్తున్నాం, చార్మినార్ దగ్గర తీస్తున్నాం, బతుకమ్మ, బోనాలు వస్తే చెప్పనక్కరలేదు. మంచిదే. అయితే మిత్రులారా, ఇదే ఫోటో ఒక దేశంలో పిల్లల చేత పని చేయించకుండా చట్టం రావడానికి తోడ్పడిందని, మన పక్క జిల్లాలో బడి ముఖం చూడని అమ్మల చేతికి వెళ్ళిన కెమెరా వాళ్ళ మాటను దేశాలు దాటించిందని మనలో ఎంతమందికి తెలుసు? ఆ సంగతులు చెప్పడానికే ఈ వ్యాసం.

ముందుగా లూయిస్ హైన్ గురించి చెప్పుకోవాలి. ఈయన అమెరికాలో బడిపంతులు. 1908లో జాతీయ బాలకార్మిక సంఘం ఆయనను ఫోటోగ్రాఫర్‌గా పెట్టుకుంది. అప్పట్లో అక్కడి నూలు మిల్లుల్లో, బొగ్గు గనుల్లో, చేపల డబ్బాల ఫ్యాక్టరీల్లో పిల్లలు పని చేసేవారు. యజమానులు కెమెరాను లోపలికి రానిచ్చేవారు కాదు. అందుకని హైన్ ఒకచోట బైబిళ్ళు అమ్మేవాడిననీ, ఒకచోట యంత్రాల ఫోటోలు తీసుకుంటాననీ చెప్పి లోపలికి వెళ్ళేవాడు. పిల్లవాడి ఎత్తు కొలవడానికి టేపు తీస్తే అనుమానం వస్తుంది కదా! తన కోటు గుండీలు నేల నుంచి ఎంత ఎత్తున ఉన్నాయో ముందే కొలిచి పెట్టుకుని, పిల్లవాడు ఎన్నో గుండీ వరకు వచ్చాడో చూసి ఎత్తు లెక్క కట్టేవాడు. పేరు, వయసు, పని గంటలు జేబులో ఉన్న చిన్న పుస్తకంలో రాసుకునేవాడు. ఈ రాసుకోవడం చాలా ముఖ్యం. వట్టి ఫోటో చూపితే యజమాని "వాడు మా పనివాడి కొడుకు, అన్నం తెచ్చాడు" అని తప్పించుకోవచ్చు. పేరు, వయసు, తేదీ ఉంటే తప్పించుకోవడం కష్టం.

ఆ ఫోటోలను కరపత్రాల్లో వేశారు, ఊరూరా ప్రదర్శించారు. 1916లో అమెరికా బాలకార్మిక చట్టం చేసింది. రెండేళ్ళకే, 1918లో, అక్కడి సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. చివరకు 1938లో వచ్చిన చట్టం నిలిచింది. అంటే మొదటి ఫోటోకూ నిలిచిన చట్టానికీ మధ్య 30 ఏళ్ళు గడిచాయి. ఫోటో తీసి పెడితే రేపే లోకం మారిపోతుందనుకునేవారు ఈ లెక్క ఒకసారి గమనించాలి. హైన్ మాత్రం 1940లో పేదరికంలోనే చనిపోయాడు.

మన దగ్గర కూడా ఈ పని జరిగింది. మన మదీనాగూడ ఉన్న పాత రంగారెడ్డి జిల్లాలోనే 1991 నుంచి ఎం.వి. ఫౌండేషన్ వారు పనిలో ఉన్న పిల్లలను బడికి తెచ్చే ఉద్యమం నడిపారు. దానికి నాయకత్వం వహించిన శాంతా సిన్హా గారికి 2003లో మెగసెసె అవార్డు వచ్చింది. వాళ్ళు ముఖ్యంగా చేసింది ఇంటింటికీ తిరిగి తల్లిదండ్రులను ఒప్పించడం, పిల్లలను శిబిరాల్లో చదివించి బడుల్లో, హాస్టళ్ళలో చేర్పించడం. ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఫోటో ఒక్కటే ఏ పనీ చెయ్యదు. ఎవరో ఒకరు ఇల్లిల్లూ తిరుగుతుంటేనే ఫోటోకు బలం వస్తుంది.

ఇక ఫోటో వల్ల చెడు జరగదా అంటే, జరుగుతుంది. 1876 నుంచి 1878 వరకు మద్రాసు రాజధానిలో ఘోరమైన కరువు వచ్చింది. బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు అల్లాడిపోయాయి. ఆ సమయంలో హూపర్ అనే ఇంగ్లీషు సైనికాధికారి ఆకలితో ఎముకల గూళ్ళయిన మనుషులను వరుసగా కూర్చోబెట్టి ఫోటోలు తీశాడు. ఆ బొమ్మలు చూసి విదేశాల వారికి కరువు ఎంత భయంకరమైనదో తెలిసిన మాట నిజమే. కానీ చావుబతుకుల్లో ఉన్నవాళ్ళను అలా అమర్చి బొమ్మ తీసుకోవడం ఏమిటని ఆయనను చాలామంది తప్పుపట్టారు. ఇప్పటికీ ఆ ఫోటోలు చూస్తుంటే వాళ్ళను సాటి మనుషులుగా కాక వస్తువుల్లా పేర్చినట్టు అనిపిస్తుంది. ఒక్కరి పేరు కూడా మనకు తెలియదు.

అదే కాలానికి కొంచెం తరువాత హైదరాబాదులో రాజా దీన్‌దయాళ్ ఉండేవారు. ఆయన ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్. ఆయన తీసిన కోటలు, దర్బారుల ఫోటోలు అందరూ చూసే ఉంటారు. నాకు మాత్రం ఆయన చేసిన ఇంకో పని నచ్చింది. 1892లో హైదరాబాదులో పరదా స్త్రీల కోసం ప్రత్యేకంగా ఒక స్టూడియో పెట్టి, అక్కడ ఫోటోలు తీసే పనిని ఒక మహిళకే అప్పగించారు. ఎదుటివారికి ఇబ్బంది లేకుండా ఫోటో తీయాలన్న ఆలోచన 130 ఏళ్ళ కిందటే మన నగరంలో ఉందన్నమాట.

నల్గొండ ఫ్లోరైడ్ సమస్య మనకు దగ్గరి ఉదాహరణ. మర్రిగూడ, మునుగోడు వైపు ఊళ్ళలో భూగర్భజలంలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ళు పచ్చబడి, ఎముకలు వంకర తిరిగి మనుషులు నడవలేకపోయేవారు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో ఈ సమస్య దేశానికి తెలియాలని నల్గొండ స్థానంలో వందలమంది నామినేషన్లు వేశారు. బరిలో మొత్తం 480 మంది ఉండటంతో బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది. 2003లో బాధితుడైన ఒక యువకుడిని ఢిల్లీకి తీసుకువెళ్ళి ప్రధాని వాజపేయి ముందు టేబుల్ మీద కూర్చోబెట్టారు. ఇన్నేళ్ళ పోరాటంలో పత్రికల్లో వచ్చిన ఫోటోలు చేసిన మేలు తక్కువేమీ కాదు. అయితే ఆ ఫోటోల్లో ఎక్కువగా కనిపించేది వంకర కాళ్ళే. ఆ మనిషి ఏం పని చేస్తాడు, ఏం మాట్లాడతాడు, నీళ్ళు ఎక్కడి నుంచి తెచ్చుకుంటున్నాడు అన్నది చూపిన ఫోటోలు తక్కువ. జాలి పుట్టింది గాని, ఆ మనిషి మనకు పరిచయం కాలేదు.

పరిచయం కావాలంటే ఏం చేయాలి? దీనికి జవాబు మన మదీనాగూడ మీదుగా పోయే ముంబై రోడ్డు మీదే ఉంది. పటాన్‌చెరు, సంగారెడ్డి దాటి పోతే జహీరాబాద్ వస్తుంది. దాని దగ్గర పస్తాపూర్ అనే ఊరు. అక్కడ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ వారు దళిత మహిళా రైతుల సంఘాలతో ఏళ్ళ తరబడి పని చేశారు. జొన్న, కొర్ర, సామ వంటి పాత పంటలను, విత్తనాలను కాపాడుకున్న సంఘాలు అవి. 1990ల చివర ఈ మహిళల్లో కొందరికి వీడియో కెమెరా నేర్పారు. వాళ్ళలో చాలామందికి అక్షరాలు రావు. కూలికి పోయి వచ్చినవాళ్ళు. 2001లో కమ్యూనిటీ మీడియా ట్రస్ట్ అని వాళ్ళకే ఒక సంస్థ ఏర్పడింది. 2008లో సంఘం రేడియో కూడా మొదలైంది. (ఈ సంస్థకు మూలస్తంభం పి.వి. సతీష్ గారు 2023లో కన్నుమూశారు.)

ఆ అమ్మలు కెమెరా పాఠాన్ని తమ బతుకు భాషలోకి మార్చుకున్న తీరు ఎంతో గొప్పది. కెమెరా పైనుంచి కిందికి చూస్తే అది పటేల్ షాట్ అన్నారు. ఎందుకంటే పటేలు గద్దె మీద కూర్చుని కింద ఉన్నవాళ్ళను అలాగే చూస్తాడు. కిందినుంచి పైకి చూస్తే అది బానిస చూపు. కూలివాడు దొర ముఖం చూడాలంటే అలా తల పైకెత్తి చూడాలి. కెమెరా ఎదుటి మనిషి కళ్ళకు సమానంగా ఉంటే అది సంఘం షాట్. సంఘంలో అందరూ చాప మీద ఒకే ఎత్తులో కూర్చుంటారు కదా. ఏ ఫోటోగ్రఫీ పుస్తకం చదివినా కోణాల గురించి ఇంత తేటగా అర్థం కాదని నా అభిప్రాయం.

వాళ్ళు తీసిన సినిమాల్లో వరంగల్ బీటీ పత్తి మీద తీసింది బాగా పేరు పొందింది. 2002లో మన దేశంలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. ఆ మొదటి పంట కాలంలోనే వీళ్ళు కెమెరా పట్టుకుని వరంగల్ జిల్లా రైతుల దగ్గరకు మళ్ళీ మళ్ళీ వెళ్ళారు. విత్తనం వేసినప్పుడు రైతు ఆశ, కాయ రాలినప్పుడు అదే రైతు మాట, పంట అమ్ముకున్నాక కోపం వరుసగా చిత్రించారు. బీటీ పత్తి మంచిదా చెడ్డదా అన్నదానిపై శాస్త్రజ్ఞుల్లో వేరు వేరు అభిప్రాయాలు ఉన్నాయి. ఆ చర్చలోకి నేను పోవడం లేదు. రైతు దగ్గరకు ఒక్కసారి పోయి ఏడుస్తున్న ముఖం తీసుకురావడం వేరు, పంట కాలమంతా పోయి రావడం వేరు. పైగా ప్రశ్న అడిగేవాళ్ళూ రైతులే కనుక, జవాబు చెప్పేవాళ్ళు దాచలేదు. ఆ సినిమా విదేశాల్లో కూడా ప్రదర్శించారు.

ఇప్పుడు మన విషయానికి వద్దాం. హైటెక్ సిటీకి దగ్గరగా ఉన్నాం కనుక కంపెనీల వాళ్ళు అప్పుడప్పుడు హాస్టళ్ళకు వచ్చి నోటుబుక్కులు, దుప్పట్లు, స్వెటర్లు ఇచ్చి వెళతారు. వాళ్ళ మంచి మనసుకు కృతజ్ఞతలు చెప్పాల్సిందే. కానీ ఒకసారి ఒక కంపెనీ వారు వచ్చినప్పుడు చిన్న తరగతి తమ్ముళ్ళను వరుసగా నిలబెట్టి, ఇచ్చిన పుస్తకాన్నే మళ్ళీ వెనక్కు తీసుకుని, ఫోటో సరిగా రాలేదని రెండోసారి ఇప్పించారు. పిల్లలు నవ్వారు గాని, అందులో ఆరో తరగతి తమ్ముడు ఒకడు "అన్నా, ఈ ఫోటో మా ఊళ్ళో వాళ్ళు చూస్తరా?" అని అడిగాడు. వాడి బెంగ మనందరికీ అర్థమవుతుంది. అమ్మానాన్నలు కష్టపడి చదివిస్తున్నారు, హాస్టల్లో ఉండటం నామోషీ కాదు. కానీ చెయ్యి చాచి నిలబడిన బొమ్మ ఒక్కటే లోకంలో తిరిగితే అదే మన గుర్తింపు అయిపోతుంది. అదే తమ్ముడు కబడ్డీలో కూత పెడుతున్నప్పుడు గాని, లెక్క చేసి చూపిస్తున్నప్పుడు గాని ఎవరూ ఫోటో తీయలేదు. మనం ఫోటో తీసేవాళ్ళం మాత్రమే కాదు, చాలాసార్లు ఫోటోలో ఉండేవాళ్ళం కూడా. కనుక ఇష్టం లేనప్పుడు "వద్దండీ" అని మర్యాదగా చెప్పే హక్కు మనకు ఉంది.

చట్టం కూడా పిల్లల వైపే ఉంది. 2015 బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం, రక్షణ అవసరమైన పిల్లలను గాని, కేసుల్లో ఉన్న, బాధితులైన, సాక్షులైన పిల్లలను గాని గుర్తుపట్టేలా పేరు, చిరునామా, బడి, ఫోటో ప్రచురించకూడదు. ఉల్లంఘిస్తే ఆరు నెలల వరకు జైలు గాని, రెండు లక్షల వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. లైంగిక నేరాల నుంచి పిల్లలను కాపాడే 2012 పోక్సో చట్టంలోనూ ఇటువంటి నిబంధన ఉంది. "అన్యాయం బయట పెడుతున్నాం" అని ఉత్సాహంతో పిల్లల ముఖాలు ఫోన్లలో పంచేవారు ఇది తెలుసుకోవాలి.

ముఖాలు చూపకుండా కూడా ఎన్నో చెప్పవచ్చు. బాత్‌రూంలో నీళ్ళు రాని కుళాయి, మూత లేని మ్యాన్‌హోల్, వాన పడితే మునిగే దారి ఇవన్నీ ఫోటోకు పనికి వచ్చేవే. చందానగర్ గంగారం చెరువు సంగతే చూడండి. నగరంలో చాలా చెరువులు ఒక్క రోజులో పోలేదు. లారీ మట్టి తరువాత లారీ మట్టి పడి పోయాయి. ఒక్క ఫోటోలో అది కనిపించదు. గట్టు మీద ఒక గుర్తు పెట్టుకుని, ప్రతి నెలా అదే చోట నిలబడి, అదే వైపు, వెనుక ఉన్న భవనం కూడా పడేలా ఫోటో తీస్తే, ఏడాదికి 12 ఫోటోలు అవుతాయి. పక్కపక్కన పెడితే నీరు ఎంత తగ్గింది, గట్టు ఎంత జరిగింది ఎవరైనా చెప్పగలరు. చెరువులు ఎలా కుంచించుకుపోయాయో ఆకాశం నుంచి తీసిన ఉపగ్రహ చిత్రాలతో పోల్చేవారు చేసేదీ ఇదే పని. మనం నేల మీద నిలబడి చేస్తాం, అంతే తేడా.

ఇందుకు ఖరీదైన కెమెరా అక్కరలేదు. ఉదయం తొమ్మిది లోపు, సాయంత్రం నాలుగు తరువాత వెలుతురు బాగుంటుంది. సూర్యుడు మన వీపు వెనుక ఉండాలి. చిన్నపిల్లలను తీసేటప్పుడు మోకాళ్ళ మీద కూర్చోవాలి, లేకపోతే అది పటేల్ షాట్ అవుతుంది. తీసిన ఫోటో వాళ్ళకు చూపించి, బాగాలేదంటే వాళ్ళ ముందే తీసివేయాలి.

ఈ వార్షికోత్సవానికి భోజనశాల గోడ మీద ఫోటోల ప్రదర్శన పెట్టాలని మ్యాగజైన్ కమిటీ అనుకుంటోంది. సెలవులకు ఊరికి వెళ్ళినప్పుడు అమ్మానాన్నల పనిని, మీ ఊరి చెరువును, బడిని తీసుకురండి. పది రూపాయల ప్రింటు చాలు. ఫోటో వెనుక ఊరు, తేదీ, అందులో ఉన్నవారు ఒప్పుకుంటే వారి పేరు, వారు చెప్పిన ఒక మాట పెన్సిల్‌తో రాసి వార్డెన్ సార్ గదిలో ఇవ్వగలరు. పెన్నుతో రాస్తే సిరా అవతలి వైపు కనిపిస్తుంది.