నీలికోటులో నిజం కుందేలు

బియాట్రిక్స్ పాటర్ అనగానే పిల్లలకు నీలికోటు తొడుక్కున్న పీటర్ కుందేలు గుర్తుకొస్తుంది. నాకు మాత్రం ఆవిడ పుట్టగొడుగుల బొమ్మలంటే ఇంకా మక్కువ. కథలు అచ్చు కాకముందే ఈ ఇంగ్లీషు చిత్రకారిణి వందలకొద్దీ పుట్టగొడుగులను ఎదుట పెట్టుకుని నీటిరంగుల్లో వేశారు. 1897లో వాటి బీజాలు మొలకెత్తే తీరు మీద ఆవిడ రాసిన వ్యాసం లండన్ లినియన్ సొసైటీలో చదివారు. అప్పట్లో స్త్రీలకు అక్కడ సభ్యత్వమే లేదు!

ఆ చూపే కథలకూ అక్కరకొచ్చింది. ఆవిడ పెంచుకున్న కుందేలు పేరూ పీటరే. అది కునికినా, చెవులు రిక్కించినా బొమ్మ వేసేవారు. అందుకే 1902లో రంగుల్లో వచ్చిన పుస్తకంలో, కోటు తొడిగినా పీటర్ కుందేలుగానే ఉన్నాడు.

ఆవిడ 1943లో కన్నుమూశారు. 1967లో ఒక శాస్త్రగ్రంథం 59 పుట్టగొడుగుల బొమ్మలను అచ్చువేసింది. కథలు చెప్పిన చేతికి శాస్త్రం ఆలస్యంగానైనా పీట వేసింది.