అంకెను నమ్మాలా, అడిగి తెలుసుకోవాలా?

రెంజల్ మండలంలోని కందకుర్తి వద్ద మంజీర నది గోదావరిలో కలుస్తుంది. ఆ మంజీరపై 1931లో పూర్తయిన నిజాంసాగర్ జలాశయంలో మొదట దాదాపు 30 టి.ఎం.సి.ల నీరు పట్టేది. ఏటేటా పూడిక చేరడంతో నేడు దాని సామర్థ్యం 18 టి.ఎం.సి.ల లోపే. పాత అంకెనే నమ్మి బోధన్ చెరకు తోటలకు నీటి లెక్క వేస్తే ఏమవుతుంది? కాలువ చివరి పొలాలు ఎండిపోతాయి. కంప్యూటరు ప్రోగ్రాములకూ ఇటువంటి చిక్కే వస్తుంది.

డిస్కును ఒక పెద్ద నోటుపుస్తకం అనుకోండి. అందులోని పేజీలే సెక్టార్లు. ఏ ఫైలు ఏ పేజీలో ఉన్నదో లెక్క చూసేది ఫైల్ సిస్టమ్. 1981లో వచ్చిన ఐ.బి.ఎం. పి.సి. ఫ్లాపీలలో ఒక్కొక్క సెక్టారు 512 బైట్లు. హార్డు డిస్కులలోనూ అదే కొలత ఏళ్ల తరబడి సాగింది. దానితో చాలామంది 512ను ప్రోగ్రాములోనే రాసివేశారు. ఇలా రాసిన మారని అంకెను స్థిరాంకం అంటారు.

అయితే డేటా సీడీలో సెక్టారు 2048 బైట్లు. 2010 ప్రాంతంలో 4096 బైట్ల సెక్టార్లు గల హార్డు డిస్కులు వచ్చాయి. ఇప్పుడు 100వ సెక్టారు ఎక్కడ మొదలవుతుందో సున్న నుంచి లెక్కించండి. పాత ప్రోగ్రాము 100 × 512 = 51,200వ బైటు అంటుంది. నిజానికి అది 100 × 4096 = 4,09,600వ బైటు! 51,200వ బైటు 12వ సెక్టారు నడుమ ఉన్నది. అక్కడ రాస్తే మరొక ఫైలు చెరిగిపోతుంది. అందుకే చాలా కొత్త డిస్కులు పాత ప్రోగ్రాముల కోసం పైకి 512 అని చెప్పి, లోపల 4096తో పనిచేస్తాయి.

మరి సరైన మార్గమేమిటి? డిస్కునే అడగడం. పెన్ డ్రైవులలో తరచు వాడే ఫ్యాట్ పద్ధతిలో సెక్టారు ఎన్ని బైట్లో మొదటి సెక్టారులోనే రాసి ఉంటుంది. దానిని చదవడంతోనే సరిపోదు. డిస్కు పాడై అక్కడ సున్న ఉంటే? సున్నతో భాగించబోయి ప్రోగ్రాము ఆగిపోవచ్చు. కాబట్టి ఆ అంకె 512, 1024, 2048, 4096లలో ఒకటేనా అని పరీక్షించాలి. కాకపోతే ఏమీ రాయకుండా ఆగి, డిస్కులో లోపమున్నదని తెలపాలి. ఇదే రక్షణాత్మక ప్రోగ్రామింగ్.

అయితే స్థిరాంకాలన్నీ చెడ్డవేనా? కావు. పరీక్షకు వాడిన ఆ నాలుగు అంకెలూ స్థిరాంకాలే! కాని వాటిని విధించినది ఫ్యాట్ నియమం. సెక్టారు ఎప్పుడూ 512 బైట్లే అనుకోవడం మాత్రం అలవాటు. నియమాన్ని రాసుకోవచ్చు, అలవాటును పరీక్షించాలి.

ఇప్పుడు మీకొక ప్రశ్న: ఏడాదికి 365 రోజులు అనడం నియమమా, అలవాటా? 2028 ఫిబ్రవరి క్యాలెండరు చూసి చెప్పండి.