వినదగిన పాడ్‌కాస్టులు: ఎంచుకొను విధము, చందాదారులగు పద్ధతి

పైరుకు నీరెంత ముఖ్యమో, రైతునకు సకాలములో అందు సమాచారమంత ముఖ్యము. అట్లని కాలువలో వచ్చిన ఉప్పునీటిని ఎవరును మడికి పెట్టుకొనరు. సమాచారమును గూడ అట్లే పరీక్షించి తీసుకొనవలెను. ఈనాడు చేతిఫోనులో వినవచ్చు పాడ్‌కాస్టులలో మేలైనవాటిని వెదకి పట్టుకొను విధమును ఈ వ్యాసములో తెలియజేయుచున్నాను.

ఒక గేదె చెప్పిన పాఠము

హైదరాబాదు పాతనగరమున, చార్మినారుకు సమీపముననున్న మొఘల్‌పురాలో నేను నివసించుచున్నాను. మా వీధికి శివారు గ్రామము నుండి ఒక రైతు ప్రతి ఉదయము పాలు తెచ్చి పోయుదురు. కడచిన వేసవిలో ఆయన రెండు దినములు రాలేదు. మూడవనాడు వచ్చి, తన గేదె చావు తప్పి బ్రతికినదని చెప్పినారు.

జరిగినదేమనగా, వాట్సాప్‌లో ఎవరో పంపిన రెండు నిమిషముల మాటలను ఆయన బండి నడుపుచు విన్నారు. యూరియా కలిపిన వరిగడ్డి పాడిపశువులకు బలమని అందులో ఉన్నది. ఆ సాయంత్రమే యూరియా నీటిని గడ్డిపై చల్లి, మరునాడు మేపినారు. గేదెకు వణుకు పుట్టి, నోట నురగ వచ్చి, కడుపు ఉబ్బినది. పశువైద్యులు వెంటనే వచ్చి, చల్లని నీటిలో వెనిగర్ కలిపి త్రాగించి చికిత్స చేయుటచే ప్రాణము దక్కినది.

"ఫోన్ల జెప్పినట్టే జేసిన గద సారూ, నేనేం తప్పు జేసిన?" అని ఆయన అడిగినారు.

ఇద్దరము అరుగుపై కూర్చుండి ఆ ముక్కను మరల వింటిమి. మాటలాడినదెవరో, ఎప్పుడు మాటలాడినారో అందులో లేదు. అందులోని పదములతో పాడ్‌కాస్టు యాప్‌లో వెదకగా, అరగంట నిడివిగల అసలు ప్రసంగము దొరికినది. అందులో నిపుణుడు సరిగానే చెప్పినాడు. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను నీటిలో కరగించి, పొరపొరకు చల్లి తొక్కి, గాలి చొరకుండ 21 రోజులు కప్పి మాగవేయవలెను. తీసిన గడ్డిని ఘాటు పోవువరకు ఆరనిచ్చి, కొద్దికొద్దిగా అలవాటు చేయవలెను. ఆరు నెలలలోపు దూడలకు పెట్టరాదు. ఎవరో కత్తిరించి పంపిన ముక్కలో ఈ మాటలలో ఒక్కటియు లేదు.

కావున మొదటి సూత్రమిది: ముక్కను నమ్మరాదు, మూలమునకు పోవలెను. మూలమునకు పోవుటకు సులభమైన దారియే పాడ్‌కాస్టుకు చందాదారులగుట.

పాడ్‌కాస్టు అనగానేమి?

రేడియో ప్రసంగము వేళకు వచ్చి వేళకు పోవును. దుక్కిలో నున్న రైతు దానిని వినలేకపోయినచో అది దక్కదు. పాడ్‌కాస్టు అనగా భద్రపరచిన ప్రసంగము. తీరిక దొరికినపుడు, ఆపి ఆపి, ఎన్నిసార్లయినను వినవచ్చును. ఈ పేరు 2004లో పుట్టినది. 2005లో ఆపిల్ సంస్థ తన ఐట్యూన్స్‌లో చేర్చుటతో విశేషముగా వ్యాపించినది.

పేరు క్రొత్తదైనను పని మనకు క్రొత్త కాదు. నిజాము కాలపు దక్కన్ రేడియో 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణిలో చేరినది. 1966 నుండి ఆకాశవాణి కేంద్రములలో వ్యవసాయ గృహ విభాగములు ఏర్పడి రైతులకు సలహాలు అందించినవి. జహీరాబాదు ప్రాంతమున మాచనూరులో దళిత మహిళా రైతులు నడుపు సంఘం రేడియో 2008 అక్టోబరు 15న ప్రసారములు ప్రారంభించినది. లైసెన్సు రాకపూర్వము ఆ మహిళలు తమ విత్తనముల సంగతులను టేపులపై రికార్డు చేసి, ఊరూర సంఘములలో వినిపించెడివారు. నేటి పాడ్‌కాస్టు చేయు పనియు అదియే. టేపును మోసుకొనిపోవు శ్రమ మాత్రము తగ్గినది.

చందా అనగానేమి?

పత్రికకు చందా కట్టినచో ప్రతి సంచిక తపాలాలో ఇంటికే వచ్చును. పాడ్‌కాస్టు చందాయు అట్టిదే, కాని సాధారణముగా దీనికి రుసుము లేదు. ప్రతి పాడ్‌కాస్టుకు ఆర్.ఎస్.ఎస్. అను ఒక జాబితా ఉండును. క్రొత్త ప్రసంగము సిద్ధమైనపుడెల్ల దాని వివరము ఆ జాబితాలో చేరును. మీ ఫోనులోని యాప్ అప్పుడప్పుడు ఆ జాబితాను చూచి, క్రొత్తదానిని మీ ముందుంచును. ఎవరో పంపువరకు కనిపెట్టుకొని ఉండనక్కరలేదు.

చేయవలసిన విధము

1. ఐఫోనులో ఆపిల్ పాడ్‌కాస్ట్స్ అను యాప్ ముందే ఉండును. ఆండ్రాయిడ్ ఫోనులో ప్లే స్టోరు నుండి ఆంటెన్నాపాడ్ అను ఉచిత యాప్‌ను దింపుకొనవచ్చును. స్పాటిఫై, యూట్యూబ్ మ్యూజిక్‌లలో గూడ పాడ్‌కాస్టులు దొరకును. గూగుల్ పాడ్‌కాస్ట్స్ 2024లో మూతపడినది గనుక దానికై వెదకవలదు.

2. వెదకు గడిలో "వరి", "మిరప", "పాడి" వంటి పదములను తెలుగు లిపిలో ఒకసారి, ఇంగ్లీషు అక్షరములలో ఒకసారి వ్రాసి చూడవలెను. కొందరు తమ కార్యక్రమముల పేర్లను ఇంగ్లీషు అక్షరములలోనే నమోదు చేయుదురు.

3. దొరికినవానిలో కడపటి ప్రసంగము ఎప్పుడు వచ్చినదో చూడవలెను. ఏడాదిగా క్రొత్తది రానిచో అది ఆగిపోయినదని తలచవచ్చును.

4. మూడు ప్రసంగములు పూర్తిగా విని, నచ్చినచో "సబ్‌స్క్రైబ్" లేక "ఫాలో" అను మీటను నొక్కవలెను. నచ్చనిచో మరల అదే మీటతో విరమించుకొనవచ్చును.

5. వైఫై ఉన్నచోటనే దింపుకొనునట్లు యాప్‌లో ఏర్పాటు చేసుకొనవలెను. సాధారణ నాణ్యతలో అరగంట ప్రసంగమునకు 15 నుండి 30 ఎం.బి. డేటా పట్టును. విన్నవానిని తుడిచివేసినచో ఫోనులో చోటు మిగులును.

మంచి చెడ్డలు ఎంచుట

విత్తనము కొనునపుడు సంచిపై చీటీ చూచునట్లే, ప్రసంగము వినునపుడు ఈ ప్రశ్నలు వేసుకొనవలెను.

చెప్పువారెవరు? పేరు, చదువు, పనిచేయు చోటు చెప్పనివారి మాటపై డబ్బు పెట్టరాదు.

ఎప్పుడు చెప్పినారు? మొక్కజొన్నను నాశనము చేయు కత్తెర పురుగు మన దేశమున మొదట కనబడినది 2018లో. అంతకు ముందటి ప్రసంగములో దాని ఊసే ఉండదు. మోనోక్రోటోఫాస్ 36 శాతము ఎస్.ఎల్. మందుపై కేంద్ర ప్రభుత్వపు నిషేధ ఉత్తర్వు 2023లో వెలువడినది. పాత ప్రసంగములో దానిని కొట్టుమని చెప్పియుండవచ్చును.

ఏ నేలకు చెప్పినారు? కోస్తా నల్లరేగడికి తగిన మాట తెలంగాణ చల్కకు తగకపోవచ్చును.

డబ్బు ఎవరిది? ప్రతి ప్రసంగము చివర ఒకే కంపెనీ మందు పేరు వచ్చుచున్నచో అది సలహా కాదు, ప్రకటన.

మోతాదు, వేళ, జాగ్రత్త మూడును చెప్పినారా? లాభము మాత్రమే చెప్పి జాగ్రత్త చెప్పనిది సగము మాట. సగము మాట ఎంత పని చేయునో పైన చూచితిమి.

కలిసి వినుట

1956లో పూనా ఆకాశవాణి యునెస్కో సహాయముతో 150 గ్రామములలో రేడియో గ్రామీణ గోష్ఠులు నడిపినది. రైతులు గుంపుగా కూర్చుండి విని, చర్చించి, తమకు తగినదానిని ఆచరణలో పెట్టెడివారు. ఒంటరిగా విన్నవాడు మరచినదానిని ప్రక్కవాడు జ్ఞప్తి చేయును. ఇదే గోష్ఠుల బలము. గ్రామాధికారులు, విస్తరణ అధికారులు పూనుకొన్నచో ఇది నేడు మరింత సులభము. వారమునకొక సాయంత్రము రైతు వేదికలోనో, పంచాయతీ కార్యాలయములోనో ఒక ఫోను, ఒక చిన్న స్పీకరు ఉంచి, ఒక ప్రసంగము వినిపించి, మోతాదులను పలకపై వ్రాసి ఉంచవచ్చును. చదువురాని రైతులు, మహిళలు గూడ దీనివలన లాభము పొందుదురు.

ఏ సలహానైనను పొలములో పెట్టుటకు ముందు, పశువుకు మేపుటకు ముందు, మీ విస్తరణ అధికారినో పశువైద్యునినో అడుగుట మరువరాదు. కిసాన్ కాల్ సెంటరుకు 1800-180-1551 నెంబరుపై ఉచితముగా ఫోను చేసి తెలుగులోనే అడుగవచ్చును.

మా పాల రైతు ఇపుడు మూడు పాడ్‌కాస్టులకు చందాదారు. బండి నడుపుచు పాటలు మాత్రమే వినుచున్నారు. సేద్యపు మాటలను రాత్రి ఇంట కూర్చుండి, ప్రక్కన కుమార్తె లెక్కలు వ్రాయుచుండగా వినుచున్నారు. ఈ ఏడు వారి గడ్డి 21 రోజులు మాగిన తరువాతనే గేదె ముందుకు వచ్చినది.