వెంట్రుకకు ఓడిపోయే ఉక్కు

ఒక చిన్న ప్రశ్న. వెంట్రుక గట్టిదా, ఉక్కు గట్టిదా? ఇదేం ప్రశ్న అని నవ్వుతారేమో! ఉక్కుతో పోలిస్తే వెంట్రుక సుమారు 50 రెట్లు మెత్తన. మరి అంత మెత్తని వెంట్రుకలను గీసీ గీసీ, అంత గట్టి ఉక్కు కత్తి మొద్దుబారిపోతుందేం?

ఈ ప్రశ్న నాకు పన్నెండో ఏట వచ్చింది. ఒక తప్పు చేసి తెచ్చుకున్నాను.

అప్పట్లో మా ఊళ్లో క్షౌరశాల లేదు. ఒక పెద్దాయన పొది చంకన పెట్టుకుని ఇంటింటికీ వచ్చేవాడు. పిల్లలందరం ఆయనను తాతా అనే పిలిచేవాళ్లం. పొదిలో మడత కత్తి, కత్తెర, నీళ్ల గిన్నె, పటిక ముక్క, అరచేతిలో పట్టే సానరాయి, మూరెడు తోలుపట్టీ ఉండేవి. తాత పట్టీని వేపచెట్టుకున్న మేకుకు తగిలించి, రెండో కొస ఎడమచేత్తో బిగలాగి, కత్తిని దాని మీద టపటపా అటూ ఇటూ ఆడించేవాడు. ఆ చప్పుడంటే నాకు మహా ఇష్టం.

ఒకనాడు ఆయన మంచినీళ్లకని పెరట్లోకి వెళ్లగానే నేను కత్తి అందుకున్నాను. ఆయన కత్తి వెన్ను ముందుకు పెట్టి లాగేవాడు. నేను అంచు ముందుకు పెట్టి తోశాను. కత్తి తోలులో దిగబడి, చివ్వున జారి మేకుకు కొట్టుకుంది. పట్టీ తెగింది. అంచున గాటు పడింది. ఆ రోజు తాత పక్క ఊళ్లో పెళ్లికొడుక్కి గడ్డం గీయాలి. ఉన్నది ఆ ఒక్క కత్తే. పాపం, ఎండలో కూర్చుని మధ్యాహ్నం దాకా నూరాడు. ఆలస్యంగా వెళ్లి పెళ్లివారిచేత మాట పడ్డాడని తరువాత తెలిసింది. నన్ను మాత్రం తిట్టలేదు. "రాయి కత్తిని తింటుంది బాబూ, తోలు దువ్వుతుంది. దువ్వితే పోయేదానికి తినిపించే పని పెట్టావు," అన్నాడంతే.

ఆ మాటలో ఎంత భౌతికశాస్త్రం ఉందో నేను ఉపాధ్యాయుణ్ణయ్యాక గాని తెలియలేదు.

ముందు పదును అంటే ఏమిటో చూద్దాం. బలాన్ని వైశాల్యంతో భాగిస్తే పీడనం వస్తుందని చదువుకున్నారు కదా! బాగా నూరిన క్షౌరపు కత్తి అంచు మందం అర మైక్రాన్ అనుకోండి. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. గడ్డపు వెంట్రుక మందం 100 మైక్రాన్లు అనుకుందాం. ఈ రెండూ తాకే చోటు మహా అయితే 50 చదరపు మైక్రాన్లు. చేతి బలం ఆ ఒక్క వెంట్రుక మీద 0.1 న్యూటన్ పడితే చాలు, అంటే 10 గ్రాముల బరువంత, పీడనం ఎంతవుతుందో లెక్క వేయండి. సుమారు 200 కోట్ల పాస్కళ్లు! మన చుట్టూ ఉన్న గాలి పీడనానికి 20,000 రెట్లు. అదే అంచు మొద్దుబారి 5 మైక్రాన్లయితే పీడనం పదో వంతుకు పడిపోతుంది. అప్పుడు కత్తి వెంట్రుకను కోయదు, పీకుతుంది. గడ్డం గీయించుకునేవాడు "అబ్బా" అనేది అప్పుడే.

ఇంత సన్నని అంచును చేత్తో పట్టి నూరితే కోణం తప్పదా? తప్పదు, కత్తి ఆకారమే దాన్ని కాపాడుతుంది. క్షౌరపు కత్తి వెన్ను మందంగా, రెండు పక్కలు లోతుగా తొలిచినట్టు ఉంటాయి. దాన్ని రాతిమీద పడుకోబెడితే వెన్ను, అంచు, ఈ రెండే రాతికి తగులుతాయి. కత్తి వెడల్పు 16 మిల్లీమీటర్లు, వెన్ను మందం 4.5 మిల్లీమీటర్లు అనుకోండి. మందంలో సగాన్ని వెడల్పుతో భాగిస్తే 0.14. పదో తరగతి వారు టాన్ పట్టిక తీసి చూడండి, 8 డిగ్రీలు. రెండు వైపులా కలిపి 16 డిగ్రీలు. నూరేకొద్దీ అంచుతోబాటు వెన్నూ అరుగుతుంది గనుక ఆ కోణం ఏళ్లు గడిచినా పెద్దగా మారదు. బడి మొహం చూడని తాత చేతిలోని పనిముట్టులో త్రికోణమితి ఇమిడి ఉందన్నమాట!

ఇక రాయి. ఒక వస్తువును అరగదీయాలంటే దానికన్న గట్టిది కావాలి. గట్టిదనాన్ని కొలిచే మోస్ కొలబద్ద మీద గట్టిపరిచిన ఉక్కు ఆరున్నర దగ్గర ఉంటుంది. క్వార్ట్జ్ 7, కురువిందం 9. బెల్జియంలో దొరికే ఒక పేరుమోసిన పసుపుపచ్చ సానరాతిలో సన్నని గార్నెట్ రేణువులుంటాయి. సానరాయి రేణువులు ఒక్కొక్కటీ ఒక చిన్న ఉలి. అవి లోహాన్ని గీకి గీతలు పెడతాయి. పెద్ద రేణువుల రాయి త్వరగా తింటుంది గాని లోతైన గీతలు మిగులుస్తుంది. అందుకే ముతక రాయి తరువాత సన్నరాయి, ఆ తరువాత ఇంకా సన్నరాయి. రాతిమీద అంచు ముందుకు పోవాలి. అప్పుడు అంచున మిగిలే పలచని రేకు తక్కువగా ఉంటుంది.

తోలు సంగతి వేరు. ఉక్కును తినేంత గట్టిదనం దానికి లేదు. గీయడంలో అటూ ఇటూ వంగిన సూక్ష్మమైన అంచును అది నిటారుగా నిలుపుతుంది, తేమకు పట్టిన సన్నని తుప్పును తుడుస్తుంది, నునుపు చేస్తుంది. వెన్ను ముందు, అంచు వెనక ఉండాలి. లేకపోతే ఏమవుతుందో నా కథ విన్నారు. పట్టీ వదులైనా ప్రమాదమే. వదులు తోలు అంచు చుట్టూ పైకి లేచి, దాన్ని గుండ్రంగా చేస్తుంది. తాత బిగలాగి పట్టింది అందుకే.

మంచి అంచు నిలవాలంటే మంచి ఉక్కు కావాలి. విద్యుత్తు పాఠంలో మీరు చదివే మైకేల్ ఫారడే దీని వెంట కూడా పడ్డాడు. 1819లో ఆయన భారతదేశపు 'ఊట్జ్' ఉక్కును విశ్లేషించాడు. ఈ మాట దక్షిణాది 'ఉక్కు' నుంచే వచ్చిందంటారు. నిజామాబాదు ప్రాంతంలోని కోనసముద్రం అలాంటి ఉక్కుకు పేరు పొందిన ఊరు. కత్తులు చేసే జేమ్స్ స్టోడార్ట్‌తో కలిసి ఫారడే ఉక్కులో వెండి, ప్లాటినం వంటివి కలిపి చూశాడు. ఆ ఉక్కుతో చేసిన క్షౌరపు కత్తులను మిత్రులకు కానుకగా ఇచ్చాడు కూడా.

సరే, మొదటి ప్రశ్నకు వద్దాం. అంచు వెంట్రుకలతో రాసుకుని మెల్లగా గుండ్రంగా అరుగుతుందనే నేనూ చాలాకాలం పిల్లలకు చెప్పాను. 2020లో అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ పరిశోధకులు ఇది సరిచూశారు. వారిలో ఒకాయన మామూలు బ్లేడుతో తన గడ్డమే గీసుకుంటూ, ప్రతిసారీ అంచును ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో పరీక్షించాడు. అంచు గుండ్రబడటానికి బదులు, అక్కడక్కడ చిన్న పెచ్చులుగా విరిగి కనిపించింది! నిజానికి ఉక్కు అంతటా ఒకే గట్టిదనంతో ఉండదు. వెంట్రుక బ్లేడు కింద వంగి, అంచును పక్కకు ఒత్తుతుంది. సరిగ్గా అక్కడే మెత్తని భాగం, గట్టి భాగం కలిసే చోటు ఉంటే పగులు పుట్టి పెచ్చు లేస్తుంది. ఈ మూడూ ఒకేచోట కలిసినప్పుడే వెంట్రుక ఉక్కును ఓడిస్తుంది.

తాత నాన్నగారి గడ్డాన్ని అంతసేపు నీళ్లతో ఎందుకు రుద్దేవాడో ఇప్పుడు ఆలోచించండి. వెంట్రుక కెరాటిన్ అనే ప్రోటీన్. దాని గొలుసులను కలిపి ఉంచే హైడ్రోజన్ బంధాలను నీరు సడలిస్తుంది. తడిసిన వెంట్రుక మెత్తబడి తక్కువ బలానికే తెగుతుంది. రాలిన పొడుగాటి వెంట్రుకలు రెండు తీసుకుని, ఒకదాన్ని గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు నానబెట్టండి. రెండింటినీ స్కేలు మీద లాగి, ఏది ఎక్కువ సాగుతుందో చూడండి. కత్తుల జోలికి మాత్రం వెళ్లకండి. నా పిచ్చిపని ఒక్కటి చాలు.

తాత పద్ధతిలో ఒక లోపం ఉండేది. ఒకే కత్తి, ఒకే తోలుపట్టీ ఊరందరికీ. కంటికి కనిపించని రక్తపు తడితో హెపటైటిస్ బి, హెచ్.ఐ.వి. వంటివి ఒకరి నుంచి ఒకరికి సోకే వీలుంది. తోలును మరిగించి శుభ్రం చేయలేము కదా! అందుకే ఇవాళ క్షౌరశాలల్లో అదే ఆకారపు పిడిలో సగం బ్లేడు బిగించి వాడతారు, ఒక్కొక్కరికి ఒక్కొక్కటి. మీ ఎదుటే కొత్తది విప్పమని మొహమాటం లేకుండా అడగండి.

ఆ వాడేసిన బ్లేడు ముక్కను మీ సైన్సు మాస్టారిచేత సూక్ష్మదర్శిని కింద పెట్టించి, పక్కనుంచి టార్చిలైటు వేయించండి. మా బడిలో అలాగే చూశాం. గీతలా ఉండాల్సిన అంచు మీద రెండు చోట్ల ఎలుక కొరికినట్టు నల్లని గంట్లు కనిపించాయి.