ఒకటవ నంబరు ఉద్యోగం ఎవరికి?

పిల్లలూ! కంప్యూటర్ మీట నొక్కిన తరవాత తెర మీద బొమ్మ వచ్చేదాకా మీరు ఊరికే కూర్చుంటారు. ఆ కాస్త సేపట్లో లోపల ఎంత హడావుడి జరుగుతుందో తెలుసునా? లైనక్స్ యంత్రాలలో కెర్నెల్ అనే భాగం మేలుకొని, ఒకే ఒక్క ప్రోగ్రామును నిద్ర లేపి, దానికి 1 అనే నంబరు ఇస్తుంది. తక్కిన వాటినన్నిటినీ లేపే భారం ఆ ఒకటవ నంబరుదే.

బడిలో బంట్రోతును చూచారు గదా? అందరికన్నా ముందు వచ్చి గేటు తీస్తాడు, గదులు తెరుస్తాడు, గంట కొడతాడు. ఇదీ అటువంటి ఉద్యోగమే. ఈ ఉద్యోగం ఎవరికివ్వాలని 2013, 2014 సంవత్సరాలలో డెబియన్‌లో పెద్ద వాదం జరిగింది.

డెబియన్ ఒక ఆపరేటింగ్ సిస్టమ్. అమెరికాలో ఇయాన్ మర్డాక్ అనే కాలేజీ విద్యార్థి 1993లో దానిని ప్రారంభించి, తనకు కాబోయే భార్య డెబ్రా పేరునూ తన పేరునూ కలిపి దానికి పేరు పెట్టాడు. దాని లోపలి వ్రాత అంతా బాహాటం. ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, నకలు తీసి పంచవచ్చు. తయారుచేసేది అనేక దేశాలలోని స్వచ్ఛంద సేవకులు. యజమాని అంటూ లేడు.

అక్కడి పాత బంట్రోతు పేరు సిస్‌వీ ఇనిట్. నంబర్ల వరసన ఒక్కొక్క గదే తెరవడం దాని అసలు పద్ధతి. తరవాత దానికి కొంత తొందర నేర్పారు. కాని ఏదైనా పని మధ్యలో ఆగిపోతే అది మామూలుగా పట్టించుకునేది కాదు. 2010లో లెనార్ట్ పోటరింగ్, కే సీవర్స్ అనేవారు సిస్టమ్‌డీ అనే కొత్తదాన్ని తెచ్చారు. ఇది ఒకేసారి అనేక గదులు తెరుస్తుంది. దేనికి ముందు ఏది కావాలో దానికి తెలుసు. ఆగిపోయిన పనిని మళ్లీ లేపమంటే లేపుతుంది.

మరి పేచీ ఏమిటంటారా? కొత్త బంట్రోతు తలుపులు తీసి ఊరుకోలేదు. దినచర్య పుస్తకం వ్రాయడం, వచ్చేపోయేవారి లెక్క చూడడం కూడా తన చేతిలోకి తీసుకున్నాడు. ఆ పుస్తకాన్ని మామూలు అక్షరాలలో గాక తన సొంత పద్ధతిలో వ్రాస్తాడు. తాళాలన్నీ ఒక్కడి చేతిలో ఉండడం మంచిదా అని అడిగారు. ఈ మాటలో పస ఉన్నది. ఉబుంటు తయారుచేసే కనానికల్ కంపెనీవారి అప్‌స్టార్ట్ కూడా పోటీలో ఉన్నది. కాని దానికి ఏమైనా వ్రాసి ఇవ్వాలంటే కంపెనీతో ఒప్పందం చేసుకోవాలి. అది చాలామందికి నచ్చలేదు.

ఎవరికి కావలసింది వారు పెట్టుకోవచ్చు గదా, తగవెందుకు అని మీరు అడగవచ్చు. ఒక హాస్టలులో ఏమీ చెప్పనివారికి అన్నం వడ్డిస్తారనుకోండి. చపాతీ కావలసినవారు ముందుగా చెప్పాలి. కొన్నాళ్లకు చెప్పేవారు నలుగురే మిగులుతారు. వంటవాడు పెనం పొయ్యి మీద పెట్టడమే మానేస్తాడు. కంప్యూటర్లోనూ అంతే. అడగకుండా వచ్చేదాన్ని మార్చుకునేవారు తక్కువ. ప్రోగ్రాములు వ్రాసేవారు కూడా దానితోనే పరీక్షించి చూస్తారు. అడగకుండా వచ్చేది ఏది అన్నదే అసలు తగవు.

చివరకు వ్యవహారం ఎనిమిదిమంది సభ్యుల సాంకేతిక సంఘానికి చేరింది. వారు వాటిని పరీక్షించి, తమ కారణాలు అందరూ చదివేటట్టు వ్రాసి, 2014 ఫిబ్రవరిలో వోట్లు వేశారు. సిస్టమ్‌డీకి నాలుగు, అప్‌స్టార్ట్‌కు నాలుగు! మన లోక్‌సభలో స్పీకరు మొదట వోటు వేయడు, సరిసమానమైతేనే వేస్తాడు. ఇక్కడ అధ్యక్షుడు బీడేల్ గార్బీ సభ్యుడిగా ఒకసారి వోటు వేసి, నిర్ణాయక వోటు కూడా సిస్టమ్‌డీకే వేశాడు. మూడు రోజులకే ఉబుంటు అధిపతి మార్క్ షటిల్‌వర్త్, తమ అప్‌స్టార్ట్‌ను వదిలి డెబియన్ దారిలోనే వస్తామని ప్రకటించాడు. ఈ కథ మొత్తంలో నాకు అన్నిటికన్నా నచ్చినది ఇదే.

అందరూ అలా ఊరుకోలేదు. ఆ నవంబరులో డెబియన్ సభ్యులందరికీ మళ్లీ వోటు పెట్టారు. గెలిచినది ఏమిటో తెలుసునా? ఇందుకు తీర్మానమే అక్కర్లేదన్న పక్షం! ఒప్పుకోని కొందరు డెబియన్‌కు నకలు తీసుకుని, సిస్టమ్‌డీ లేకుండా డెవువాన్ అని వేరుపడ్డారు. లోపలి వ్రాత బాహాటం గనుక వారిని ఎవరూ ఆపలేరు. తొలి స్థిరమైన డెవువాన్ 2017లో వచ్చింది.

సిస్టమ్‌డీతో డెబియన్ 8 ఏప్రిల్ 2015లో విడుదలైంది. దాని ముద్దుపేరు జెస్సీ. అవును, టాయ్ స్టోరీలోని జెస్సీయే! 2019 డిసెంబరులో సభ్యులు ఇంకోసారి వోటు వేసి, సిస్టమ్‌డీనే ఉంచుతూ, వేరే పద్ధతులు ప్రయత్నించేవారికి కూడా చోటిచ్చారు.